నాలుగు వాటాల ఇల్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఒకే కప్పు కింద మూడు నుంచి ఆరు కుటుంబాలను అద్దెకు పెట్టుకున్న విజయవాడ, గుంటూరు ఇంటివాళ్లు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది సత్యనారాయణపురంలో పాత మేడ. కింద రెండు, పైన రెండు వాటాలు. కరెంటు మీటరు మాత్రం ఒక్కటే. సబ్‌మీటర్లు పెట్టి, వచ్చిన బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి పంచుతున్నాం. ఇద్దరే ఉండే వాటావాళ్లు "మాకింత బిల్లేమిటి" అని ప్రతి నెలా గొడవ పెడుతున్నారు. లెక్క సరిగ్గానే వేస్తున్నాం కదా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కూడికలూ భాగహారాలూ సరిగ్గానే ఉన్నాయి. అయినా వాళ్లు అడుగుతున్నది న్యాయమే. మన దగ్గర ఇళ్ల కరెంటుకు శ్లాబులున్నాయి, అంటే వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్ల ధర పెరుగుతుంది. 2022 నాటి ధరల్లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. నాలుగు వాటాలూ తలా 150 యూనిట్లు వాడాయనుకోండి. ఎవరి మీటరు వాళ్లకుంటే ఒక్కొక్కరికి 567 రూపాయలు, నలుగురికీ కలిపి 2,268. అదే 600 యూనిట్లు ఒక్క మీటరులో తిరిగితే 4,498 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు కలపకుండానే ఇంత తేడా. కరెంటు ఒక్క యూనిట్ కూడా ఎక్కువ కాలలేదు, బిల్లు మాత్రం దాదాపు రెట్టింపయింది.

ఇప్పుడు ఆ ఇద్దరే ఉండే వాటా సంగతి చూద్దాం. మొత్తం 600 యూనిట్లలో వాళ్లు కాల్చింది 60 అయితే, మీ సగటు ధర యూనిట్‌కు 7.50 చొప్పున 450 రూపాయలు కడుతున్నారు. సొంత మీటరుంటే 147తో పోయేది. పక్క వాటాలో తిరిగే ఏసీకి వీళ్లు డబ్బు కడుతున్నట్టే లెక్క.

దీనికి మందు సబ్‌మీటరు కాదు, వాటాకో సర్వీసు (విడి కరెంటు కనెక్షన్) తీసుకోవడం. మన కరెంటు సంస్థ సీపీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టే ముందే నమ్మకమైన ఎలక్ట్రీషియన్ చేత వైరింగ్ విడదీయించండి. వాటాకో మెయిన్, వాటాకో న్యూట్రల్, విడి ఎర్తింగ్ ఉండాలి. చూడటానికొచ్చిన సిబ్బందికి విడి వాకిలి, విడి వంటగది కనపడాలి. మెట్ల దీపాలు, నీళ్ల మోటారు ఏ వాటా మీటరుకూ తగిలించకండి, వాటికి వేరే సర్వీసు పెట్టించండి. సర్వీసులన్నీ ఇంటివాళ్ల పేరుతోనే ఉండటం మంచిది. ఒక్క చిక్కుంది. మన రాష్ట్రంలో ప్రభుత్వ పథకాల అర్హతకు నెలకు 300 యూనిట్ల పరిమితి చూస్తారు. మీ పేరున ఉన్న మీటర్ల వాడకమంతా మీ ఆధార్ కింద చేరితే పెన్షన్ల దగ్గర పేచీ రావచ్చు. ఇంట్లో పెన్షన్‌దారులుంటే ఆ సంగతి ముందే వార్డు సచివాలయంలో అడిగి తెలుసుకోండి.

కొత్త సర్వీసులు వచ్చేదాకా సబ్‌మీటర్లతోనే నడపాలి కాబట్టి వాటినైనా ఒకసారి పరీక్షించండి. మీటరు మీద "3200 ఇంపల్స్" అని ఉంటుంది. అంటే ఎర్ర దీపం 3,200 సార్లు మెరిస్తే ఒక యూనిట్. వాటాలో అన్నీ ఆపి, చల్లటి నీళ్లున్న 2 కిలోవాట్ల గీజరు ఒక్కటే వేసి 3 నిమిషాలు లెక్కపెట్టండి. 230 వోల్టులుంటే సుమారు 320 మెరుపులు రావాలి. సాయంత్రం వోల్టేజీ 210కి పడితే గీజరే తక్కువ లాగుతుంది, 265-270 దాకా వస్తాయి. అది మీటరు తప్పు కాదు. ఇస్త్రీ పెట్టెతో మాత్రం ఈ పరీక్ష చేయకండి, వేడెక్కగానే దానంతటదే ఆగిపోతుంటుంది.

ఇంకొకటి. వాటా మెయిన్ ఆపేశాక కూడా దీపం మెరుస్తుంటే, మెయిన్ దాటకుండానే ఎక్కడో తీగ కలిసిందని అర్థం. మీటరు మీద ఈఎల్ (ఎర్త్ లీకేజీ) దీపం వెలుగుతుంటే, ఒక వాటా ఫేజు తీసుకుని ఇంకో వాటా న్యూట్రల్‌కు కలిపారని అనుమానించాలి. పాత ఇళ్లలో మెట్ల దీపం దగ్గర, ఇన్వర్టర్ దగ్గర ఈ పొరపాటు తరచుగా దొరుకుతుంది. ఇలాంటప్పుడు ఇద్దరి మీటర్లూ తప్పు చూపిస్తాయి, ఇద్దరూ మిమ్మల్నే తిడతారు.

ప్రశ్న: ఖాళీ చేసేటప్పుడు రంగుల కోసం అడ్వాన్సులో ఒక నెల అద్దె పట్టుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, కొరిటెపాడు, గుంటూరు

జవాబు: ఒప్పంద పత్రంలో రాసుకుంటే పట్టుకోవచ్చు. రాసుకోకుండా "ఊరి ఆనవాయితీ" అంటే వాదన నిలవదు. నాలుగేళ్లు కాపురమున్న ఇంట్లో గోడల రంగు వెలవడం, కుళాయి వాషర్ అరగడం మామూలు అరుగుదల. పగిలిన వాష్‌బేసిన్, గోడలో దింపిన పెద్ద డ్రిల్లు రంధ్రాలు, పోయిన తాళంచెవులు మాత్రం నష్టం కిందికే వస్తాయి. చేరే రోజున, వెళ్లే రోజున ఒకే కోణంలో ఫోటోలు తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకుంటే సగం పేచీలు పుట్టవు. కరెంటు మీటరు రీడింగునూ ఫోటో తీయండి. ఆఖరి నెల బిల్లు వాళ్లు వెళ్లాకే వస్తుంది కాబట్టి అంత మేర ఆపుకుని, మిగతా అడ్వాన్సు తాళాలు తీసుకున్న రోజే ఇచ్చేయండి. అద్దె ఇళ్ల మీద కేంద్రం 2021లో తెచ్చిన నమూనా చట్టం నివాసానికి రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ వద్దంటుంది. అది రాష్ట్రాలకు నమూనా మాత్రమే. అయినా మంచి కొలతే.

ప్రశ్న: బ్రాడీపేటలో మాది పాతికేళ్ల నాటి ఇల్లు. పై వాటా బాత్రూమ్ కింద ఉన్న వంటింటి స్లాబుకు చెమ్మ దిగి పెచ్చులు రాలుతున్నాయి. టైల్స్ సందుల్లో రెండుసార్లు వైట్ సిమెంటు పూయించాం. మూడు నెలలకు మళ్లీ మొదలు. పైవాళ్లు "మా తప్పేం లేదు, పగలగొట్టనివ్వం" అంటున్నారు.
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పైవాళ్లన్నది నిజమే, వాళ్ల తప్పు లేదు. స్లాబు, పైపులు మీవి కాబట్టి మరమ్మతు ఖర్చూ మీదే. వాళ్లనుంచి మీకు కావాల్సింది నాలుగైదు రోజులు బాత్రూమ్ వాడకుండా ఉండటం. ఆ రోజులకు వేరే ఏర్పాటు చూపించి, అద్దెలో కొంత తగ్గిస్తానంటే సాధారణంగా దారికొస్తారు.

ముందు ఒక పని ఈ రోజే చేయండి. చెమ్మ దిగిన చోట లైటు పాయింటో ఫ్యాన్ కొక్కెమో ఉంటే ఆ సర్క్యూట్ ఎంసీబీ దించేయండి. తడి పైపులో తీగ ఉంటే స్విచ్‌బోర్డు దాకా కరెంటు పాకుతుంది.

తర్వాత నీరు ఎక్కడిదో తేల్చాలి. తేల్చకుండా మేస్త్రిని పిలిస్తే ఆయన చూపు పడిన టైలే పగులుతుంది. రాత్రి పదింటికి చెమ్మ అంచు వెంట పెన్సిల్‌తో గీత గీయండి. పైన అన్ని కుళాయిలూ కట్టేసి, బాత్రూమ్ వాడకుండా ఉంచండి. తెల్లారేసరికి తడి గీత దాటితే, ట్యాంకు ఒత్తిడి ఎప్పుడూ ఉండే మంచినీటి పైపే కారుతోందన్నమాట. గోడలో వేడినీళ్ల లైను జాయింట్లు, కమోడ్ వెనక యాంగిల్ వాల్వు చూడాలి. గీత దగ్గరే ఆగితే, లేదా తడి కొంచెం ఆరితే, వాడినప్పుడు మాత్రమే కారే మురుగు లైనో నేలో కారణం. వానలకు మాత్రమే తడిస్తే వెతకాల్సింది బాత్రూమ్‌లో కాదు, బయటి గోడలోనూ డాబా మీదా.

మురుగు వైపే అనిపిస్తే బట్టల నీలిమందు కలిపిన నీళ్లతో మూడు రోజులు, రోజుకో పరీక్ష చేయండి. మొదటి రోజు నేల తడవకుండా గొట్టంతో ఒక బకెట్ నీలం నీళ్లు నేరుగా నహానీ ట్రాప్‌లోకి (నేల మీది నీళ్లు పోయే జాలీ కింది గొట్టంలోకి) పోయండి. కింద తడి పెరిగితే ట్రాప్ జాయింటే దొంగ. రెండో రోజు ట్రాప్‌ను గుడ్డ, పాలిథిన్‌తో గట్టిగా బిగించి నేల మీద అంగుళం ఎత్తున నీళ్లు 24 గంటలు నిలబెట్టండి. అప్పుడు కారితే నేలది తప్పు. మూడో రోజు షవర్‌ను గోడ మీదికి మాత్రమే పట్టండి. ఒక్కోసారి కాంక్రీటు రంగును వడగట్టేస్తుంది, కింద నీలం కనపడదు. అందుకే రంగుతో పాటు తడి ఎంత పెరిగిందో కూడా చూడాలి.

మీరు చెప్పిన తీరును బట్టి ట్రాప్ మీదే మా అనుమానం. పీవీసీ పైపుకూ సిమెంటుకూ అతుకు కుదరదు. కాంక్రీటు ఆరి కుంచించుకున్నాక పైపు చుట్టూ వెంట్రుకంత సందు మిగులుతుంది. పైన టైలు సందుకు ఎంత వైట్ సిమెంటు పూసినా ఆ సందు దగ్గరికి చేరదు. ట్రాప్ చుట్టూ అడుగు మేర పగలగొట్టి, కొత్త పైపు బయటి వైపు గరుకు కాగితంతో రుద్ది, సాల్వెంట్ (పీవీసీ పైపులు అతికే జిగురు) పూసి, అది ఆరక ముందే పొడి ఇసుక చల్లాలి. ఆ గరుకు మీద పాలిమర్ మోర్టార్ పట్టుకుంటుంది. ఆ తర్వాత నేల మొత్తానికి వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు, మొదటిది అడ్డంగా పూస్తే రెండోది నిలువుగా. గోడ మీదికి అడుగు ఎత్తున, షవర్ ఉన్న గోడకు ఆరడుగుల దాకా తీసుకెళ్లాలి. టైల్స్ వేయక ముందే 48 గంటలు నీళ్లు నిలబెట్టి కింద చూడండి. మేస్త్రులు దాటవేసేది ఈ పరీక్షనే. ఆ రెండు రోజులకూ కూలి ఇస్తానని ముందే చెప్పండి. కొత్త టైల్స్ సందులకు వైట్ సిమెంటు బదులు ఎపాక్సీ గ్రౌట్ వాడండి.

మీ బాత్రూమ్ నేల పల్లపు స్లాబులో ఇటుక ముక్కలు నింపి వేసిందైతే, కారడం ఆగినా లోపల నిలిచిన నీరు వారాల తరబడి దిగుతూనే ఉంటుంది. పని చెడిందని కంగారు పడి మళ్లీ పగలగొట్టకండి. కింద స్లాబులో ఇనుము బయటపడితే వైరు బ్రష్‌తో తుప్పు గీకి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ మోర్టార్‌తో మూయించండి. చువ్వ సన్నబడితే మాత్రం మేస్త్రి మాటతో సరిపెట్టుకోకుండా స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి. స్లాబు పూర్తిగా ఆరక ముందే పుట్టీ, రంగు వేస్తే నెలలోపే పొరలుగా ఊడుతుంది.

ప్రశ్న: పన్నెండేళ్లు ఒకే ఇంట్లో ఉంటే ఇల్లు అద్దెవాళ్లదైపోతుందని మా బావమరిది భయపెడుతున్నాడు. పటమటలో మా కింది వాటావాళ్లు పదకొండేళ్ల నుంచి ఉంటున్నారు. మంచివాళ్లే. ఖాళీ చేయించమంటారా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మంచివాళ్లను పోగొట్టుకోకండి. పన్నెండేళ్ల లెక్క, యజమాని హక్కును కాదని బాహాటంగా ఇల్లు ఆక్రమించి కూర్చున్నవాడికి వర్తిస్తుంది. అద్దె కట్టే మనిషి మీ అనుమతితో ఉన్నాడు. పదకొండేళ్లున్నా ముప్పై ఏళ్లున్నా ఆ అనుమతే లెక్క. అయితే అద్దెకున్నారని చూపించే కాగితం మీ దగ్గర ఉండాలి. అద్దె బ్యాంకుకో యూపీఐకో రప్పించుకోండి. నగదు అయితే రసీదు ఇచ్చి నకలు దాచుకోండి. ఆస్తి పన్ను, కరెంటు సర్వీసు మీ పేరుతోనే ఉంచండి. ఒప్పందాన్ని కొత్త అద్దెతో తిరగరాయండి.

పదకొండు నెలల కాగితం సంగతి చాలామంది తప్పుగా అనుకుంటారు. అది అద్దెవాళ్లను పంపించే మంత్రం కాదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం అసలు పాఠం ఏడాది దాటిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలంటుంది కాబట్టి (1999 సవరణతో మన రాష్ట్రంలో ఏ గడువు లీజునైనా రిజిస్టర్ చేయించాల్సిందే), ఆ గీత దాటకుండా పదకొండుతో ఆపే అలవాటు వచ్చింది. అంతే. గడువు అయ్యాక మీరు అద్దె తీసుకుంటూ పోతే సాధారణంగా అది నెలనెలా సాగే అద్దె అవుతుంది. దాన్ని ముగించాలంటే ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. మీ ఒప్పందంలో ఇంకో గడువు రాసుకుంటే అదే వర్తిస్తుంది. ఎంత కోపమొచ్చినా నీళ్లు, కరెంటు కత్తిరించకండి. కోర్టులో మీ కేసు మొదట దెబ్బతినేది అక్కడే.

ప్రశ్న: మాది జి ప్లస్ టూ. రెండో అంతస్తులో షవర్ సన్నటి ధార. కింది వాళ్లు కుళాయి తిప్పితే పైన నీళ్లే రావు. మోటారు కరెంటు ఖర్చు పంచుకోవడంలోనూ తగాదా.
— ఒక పాఠకుడు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: ఎత్తు పది మీటర్లుంటేనే చదరపు సెంటీమీటరుకు కిలో ఒత్తిడి వస్తుంది. ట్యాంకు అడుగు డాబా మీద మీటరు ఎత్తున ఉంటే, రెండో అంతస్తు షవర్‌కు దక్కే ఎత్తు మొత్తం రెండు మీటర్లే. కిందవాళ్లకు ఎనిమిది. మూడు అంతస్తులూ ఒకే దింపుడు పైపు మీదుంటే కిందివాళ్లు కుళాయి తిప్పగానే నీరంతా అటు జారి, పై గొట్టంలోకి గాలి పీల్చుకుంటుంది. పై అంతస్తుకు ట్యాంకు నుంచే విడిగా ఒకటింపావు అంగుళం లైను దించండి. కింది లైనుకు పైభాగంలో ట్యాంకు నీటిమట్టం దాటేలా గాలి గొట్టం పెట్టించండి. ఇంకా చాలకపోతే పై అంతస్తు లైనుకు మాత్రం అర హెచ్‌పీ ప్రెషర్ పంపు. ట్యాంకును ఎత్తు దిమ్మె మీదికి ఎక్కించమని ప్లంబర్ సలహా ఇస్తాడు. వెయ్యి లీటర్లంటే నీళ్లే టన్ను. స్తంభాలూ దూలాల మీద తప్ప స్లాబు నడిమధ్యన దిమ్మె కట్టించవద్దు. ఇంతకు ముందు బాగా వచ్చేదయితే ఇవన్నీ పక్కన పెట్టి షవర్ జల్లెడ, సగం మూసుకుపోయిన గేట్ వాల్వు చూడండి. ఉప్పు బోరు నీళ్లకు పాత జీఐ పైపులు లోపల్నుంచి పూడుకుపోతాయి.

మోటారు ఖర్చు అంత పెద్దదేమీ కాదు. 1 హెచ్‌పీ మోటారు గంటకు దాదాపు ఒక యూనిట్ లాగుతుంది. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన పదహారు మందికి 2,160 లీటర్లు. రోజుకు రెండు గంటలు నడిచినా నెలకు 60 యూనిట్లే. దీన్ని మనుషుల లెక్కన పంచితే ఎవరింటికి చుట్టాలొచ్చారో లెక్కపెట్టుకునే పరిస్థితి వస్తుంది. వాటాకింత అని అద్దెలోనే కలిపేయడం నయం. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ పెట్టిస్తే "మోటారు ఎవరు కట్టేయలేదు" అన్న తగాదా కూడా పోతుంది.

ప్రశ్న: రిటైరయ్యాను. నాలుగు వాటాల మీద నెలకు 36,000 అద్దె వస్తుంది. రంగులకు, మోటారు మరమ్మతుకు అయిన ఖర్చు ఆదాయ పన్నులో తగ్గించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: విడిగా తగ్గించుకోలేరు. మరమ్మతులకని చట్టమే 30 శాతం తీసేస్తుంది, మీరు ఖర్చు పెట్టినా పెట్టకపోయినా. ఏడాదికి అద్దె 4,32,000. మీరు కట్టిన ఆస్తి పన్ను 12,000 అనుకుంటే మిగిలింది 4,20,000. అందులో 30 శాతం, అంటే 1,26,000 పోతే 2,94,000 మీ ఇంటి ఆదాయం. ఇల్లు కట్టడానికి తీసుకున్న అప్పుంటే దాని వడ్డీ ఇంకా తగ్గుతుంది. ఆస్తి పన్ను మాత్రం ఆ ఏడాదిలో నిజంగా కట్టిందే లెక్కకొస్తుంది, బకాయి రాదు. ఏప్రిల్ నెలాఖరులోపు ఏడాదిది ఒకేసారి కడితే 5 శాతం రాయితీ కూడా ఉంది. తిరిగి ఇవ్వాల్సిన అడ్వాన్సు ఆదాయం కాదు. వాటా ఖాళీగా ఉన్న నెలల అద్దె కలపనక్కర్లేదు. ఈ అంకెకు మీ పెన్షన్ కలిపి చూసుకోండి. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల లోపు మామూలు ఆదాయానికి రిబేటు వల్ల పన్ను పడదు. అయితే రిబేటుతో పన్ను పోయినంత మాత్రాన రిటర్ను తప్పదు. మొత్తం 4 లక్షలు దాటితే వేయాల్సిందే.

ప్రశ్న: సింగ్‌నగర్‌లో మా ఇల్లు 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగింది. మళ్లీ కింది వాటాలు అద్దెకిస్తున్నాం. ఏమేం మార్చుకోవాలి?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: గోడ మీద అప్పటి నీటి మరక ఇంకా ఉంటే వెల్ల వేసేముందు దాని ఎత్తు కొలిచి రాసుకోండి. మీటర్ల బోర్డు, మోటారు స్టార్టరు, ఇన్వర్టర్ బ్యాటరీ ఆ గీతకు కనీసం రెండడుగుల పైన ఉండాలి. మీటరు జరపడం కరెంటు సంస్థ (డిస్కమ్) సిబ్బంది పని, ప్రైవేటు ఎలక్ట్రీషియన్ సీలు తీయకూడదు. కింది వాటాలకూ పై వాటాలకూ వైరింగ్ విడదీసి, కింది వాటాకు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పెట్టించండి. అప్పుడు కింద నీళ్లొచ్చినా దాన్ని ఆపేసి పైవాళ్లు కరెంటు వాడుకోగలరు. మునిగిన ప్లగ్గులు, ఎంసీబీలు పైకి ఆరినట్టు కనపడ్డా మార్చేయాల్సిందే, లోపల బురద మిగులుతుంది. తీగల్ని మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే పరికరం) 500 వోల్టుల దగ్గర పరీక్షించి, ఒక మెగోమ్‌కు తగ్గితే కొత్తవి లాగించండి.

సంపు మూత అంచును నేలకు అడుగున్నర పైకి కట్టించండి. ఇంటి మురుగు బయటికి పోయే ఆఖరి ఛాంబర్లో నాన్ రిటర్న్ వాల్వు పెడితే వీధి కాలువ పొంగినా బాత్రూమ్‌లోకి ఎగదన్నదు. మళ్లీ ఎప్పుడైనా సంపులోకి మురుగునీరు దిగితే మొత్తం తోడి, బురద ఎత్తి, గోడలు రుద్ది కడిగాకే నింపాలి. మనిషిని లోపలికి దింపే ముందు మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వండి. పైన ఇంకొకరు కాపలా ఉండాలి. కడిగి నింపాక వెయ్యి లీటర్లకు 150 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ వేరే బకెట్లో కలిపి, తేటనీళ్లు మాత్రం సంపులో పోసి, ఒక రాత్రంతా ఉంచండి. పొద్దున్నే ఆ నీళ్లన్నీ పారబోసి కొత్త నీళ్లు పట్టండి. పారబోసేది మురుగు కాలువలోకే, మొక్కలకు పోయకండి.